జాంబీకి తెలీకూడదు అది కామెడీ అని: వైజాగ్ షార్ట్‌ఫిల్మ్ చర్చ

రుషికొండ_గాలి | శనివారం, రాత్రి 9.40
ప్రశ్న రెండు ముక్కలు. ఒకటి, జాంబీ కామెడీ జనానికి ఎందుకు ఎక్కుతుంది? దయ్యం కామెడీ మనకి కొత్త కాదు, 2013లో ప్రేమకథా చిత్రమ్, 2017లో ఆనందో బ్రహ్మ అందరూ చూసినవే. జాంబీ వేరే సరుకు. రెండు, పదిహేను నిమిషాల సినిమా, ఇరవైమంది జాంబీలు, బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీలో ఒక సందు, మూడు రోజుల షూటింగు. ఎక్కడెక్కడ చెడుతుందో చెప్పండి. "తీయొద్దు" అన్న సలహా తప్ప ఏదైనా పర్వాలేదు.

జగదాంబ_సెకండ్‌షో | రాత్రి 10.05
దయ్యానికి పగ ఉంటుంది. పగ ఉంటే ఫ్లాష్‌బ్యాక్ కావాలి, ఫ్లాష్‌బ్యాక్ వస్తే ఏడుపు, ఏడుపయ్యాక మంత్రగాడు. అందుకే మన దయ్యం కామెడీలు చాలామట్టుకు ఇంటర్వెల్ దాకా నవ్వించి, ఆ తర్వాత కళ్ళు తుడుచుకోమంటాయి. జాంబీకి పగ లేదు, గతం లేదు, ఆకలొక్కటే. నిమ్మకాయలు కోసినా, కుంకుమ చల్లినా వాడి నడక వాడిదే. వాడితో బేరం కుదరదు కనక నవ్వంతా బతికున్నవాళ్ళ మీదకి మళ్ళుతుంది. కిందన గేటు విరుగుతుంటే పైన అపార్ట్‌మెంట్ మీటింగులో మెయింటెనెన్స్ బాకీల గొడవ ఆగదు చూడండి, జోకు అక్కడుంది.

2004లో వచ్చిన షాన్ ఆఫ్ ది డెడ్‌లో హీరో కొట్టుకెళ్ళి వస్తాడు. మామూలు రోజు ఒకసారి, ఊరంతా జాంబీలైపోయాక మళ్ళీ అదే దారిలో ఇంకోసారి. రెండోసారి కూడా వాడు ఏమీ గమనించడు. రెండూ పొడుగాటి షాట్లే, దారి ఒకటే. మొదటి నడక బోరు కొట్టేంత మామూలుగా ఉంది కాబట్టే రెండోది పేలింది. మీ ఎంవీపీ సందులో పాల ప్యాకెట్టు కొట్టు దాకా అదే పని చెయ్యొచ్చు. మొదటి నడకలో నాలుగు గుర్తులు నాటండి: గేటు దగ్గర కుక్క, ముగ్గు వేస్తున్న ఆవిడ, స్కూటర్ తన్నుతున్న మాస్టారు, "చిల్లర లేదు" అనే కొట్టువాడు. రెండో నడకలో నాలుగూ అక్కడే ఉండాలి, నాలుగూ చెడి ఉండాలి. అయిదో గుర్తు పెట్టకండి, చూసేవాడికి గుర్తుండదు.

ఇంకో సూత్రం: జాంబీగా వేసినవాడికి అది కామెడీ అని తెలీకూడదు. వాడు కళ్ళు తిప్పి, నాలుక బయటపెట్టి, నవ్వించబోయాడా, సినిమా అక్కడే పోయింది.

గాజువాక_కట్ | రాత్రి 10.31
కిందన గేటు విరుగుతున్నా గొడవ ఆగదన్న మాటకి లెక్క కడతాను. ఈడ్చుకుంటూ నడిచే జాంబీ సెకనుకి అర మీటరు వేసుకోండి. ఇరవై మీటర్ల దూరంలో మొదలైతే హీరో దగ్గరికి రావడానికి నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లలో ఇద్దరు మనుషులు పది పన్నెండు పొట్టి డైలాగులు కొట్టుకోవచ్చు. మీ స్క్రిప్టులో ప్రతి గొడవనీ ఈ కొలతతో రాయండి. అదే పరిగెత్తే జాంబీ అయితే సెకనుకి అయిదు మీటర్లు, చేతిలో నాలుగు సెకన్లు. "అమ్మో" అనడానికి సరిపోతుంది, ఆస్తి పంపకాల గొడవకి చాలదు. 2002లో ట్వంటీ ఎయిట్ డేస్ లేటర్ వచ్చాక పరుగు ఫ్యాషనైంది, భయానికి అది బావుంటుంది కూడా. కామెడీకి నడకే.

అందరూ చేసే తప్పు ఒకటి. వెనకంతా మసకైపోతే సినిమాలా ఉంటుందని లెన్సు రంధ్రం (అపెర్చర్) బాగా తెరిచి ఎఫ్ 2 పెట్టేస్తారు. హీరో మూడు మీటర్లలో, జాంబీ ఇరవై మీటర్లలో ఉంటే 50 ఎం.ఎం. లెన్సులో ఎఫ్ 2 దగ్గర జాంబీ ఉత్త మచ్చ. చూసేవాడికి ముందు కనపడాలి, హీరోకి తర్వాత. ఆ తేడాయే నవ్వు. రంధ్రం తగ్గించి ఎఫ్ 8కి రండి. అప్పుడు కూడా పూర్తిగా షార్పుగా ఉండదు గానీ మనిషి ఆకారం, నడక తెలుస్తాయి. ఈ కొలతలన్నీ ఫుల్‌ఫ్రేము (పెద్ద సెన్సరు) కెమెరాకి. ఆ దూరంలో మనిషి ఫ్రేము ఎత్తులో ఇంచుమించు అయిదో వంతు ఉంటాడు, అది చాలు. మధ్యలో కట్ చెయ్యకండి. కట్ పడితే దూరం ఎంత మిగిలిందో లెక్క తెగిపోతుంది.

రాత్రి షాట్లకి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి కుదరని షట్టర్ పెడితే వీధి దీపాలు మినుకుతాయి. ఎల్ఈడీలు కొన్ని అప్పటికీ మినుకుతాయి. ముందురోజు రాత్రి ఆ సందులోనే అర నిమిషం తీసి పెద్ద స్క్రీన్ మీద చూసుకోండి.

భీమిలి_బుల్లోడు | రాత్రి 11.02
అంతా లెక్కలేనా గురువుగారూ? జనం నవ్వేది రక్తానికి. 1992లో పీటర్ జాక్సన్ తీసిన బ్రెయిన్‌డెడ్ చివర్లో గడ్డి కోసే మెషిన్ పట్టుకుని హీరో చేసే పని చూశారా? అందులో గొడవలూ లేవు, నలభై సెకన్లూ లేవు. రక్తం ఏరులై పారుతుంటే హాలు దద్దరిల్లుతుంది.

జగదాంబ_సెకండ్‌షో | రాత్రి 11.15
బుల్లోడూ, నిజమే. కొంచెం రక్తం భయం, ఇంకొంచెం అసహ్యం, మరీ ఎక్కువైతే నవ్వు. చెడేది మధ్యలో ఆగినప్పుడే. పదిహేను నిమిషాల బడ్జెట్లో ఆ మూడో మెట్టు ఎక్కలేరు, రెండో మెట్టు మీద చతికిలబడతారు. రక్తం ఒక్క సీనుకి దాచి, ఆ ఒక్కచోట మొహమాటం లేకుండా పొయ్యండి. మిగతా అంతా మరకలే.

పెదవాల్తేరు_మేకప్‌పెట్టె | ఆదివారం, ఉదయం 7.20
రక్తం మాట వచ్చింది కనక కొలతలు.

నోటి రక్తం: బేకరీ సామాన్ల కొట్లలో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది, విదేశీ రెసిపీల్లో కార్న్ సిరప్ అని ఉన్నచోట అదే వాడాలి. అది బాగా చిక్కన, జంతికల పిండిలా గరిటె వదలదు. 500 గ్రాములకి గోరువెచ్చని నీళ్ళు 150 ఎం.ఎల్. ముందు ఆ నీళ్ళలో ఒక చెంచా కోకో పొడి ఉండకట్టకుండా కలిపి, తర్వాత గ్లూకోజ్ పొయ్యండి. తినే ఎర్ర రంగు రెండు చెంచాలు, ఆకుపచ్చ ఒక్క చుక్క. కోకో లేకపోతే రక్తం గాజులా పారదర్శకంగా రూఅఫ్‌జాలా కనపడుతుంది. ఆకుపచ్చ చుక్క లేకపోతే గులాబీ రంగుకి తిరుగుతుంది. దాదాపు అర లీటరు వస్తుంది, నోటి షాట్లన్నిటికీ అది చాలు.

బట్టల మీద, నేల మీద పొయ్యడానికి ఇంత ఖర్చు అక్కర్లేదు. లీటరు నీళ్ళలో కార్న్‌ఫ్లోర్ మూడు పెద్ద చెంచాలు కలిపి మరగబెట్టి, చల్లారాక ఎర్ర రంగు నాలుగు చెంచాలు, కోకో రెండు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా వేస్తే ఉతికినప్పుడు కొంతవరకు వదులుతుంది. ఆ సీసా మీద "నోట్లో వద్దు" అని పెద్దక్షరాలతో రాయండి. ఇది మన ఎండకి మర్నాటికల్లా పులిసిపోతుంది, ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. పాత హాలీవుడ్ రెసిపీలో ఫొటో-ఫ్లో అని ఒక కెమికల్ కనపడుతుంది, ఫొటోలు కడిగేటప్పుడు వాడేది. దాన్ని నోటి దగ్గరికి రానివ్వకండి. 1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌లో చాక్లెట్ సిరప్ వాడారని చదివి అది ప్రయత్నించేవాళ్ళున్నారు. అది బ్లాక్ అండ్ వైట్ సినిమా నాయనా.

మొహం సంగతి. చామనఛాయ మీద తెల్లటి, బూడిదరంగు పెయింటు దట్టంగా పూస్తే శవంలా ఉండదు, విభూతి రాసుకున్నట్టుంటుంది. స్పాంజితో పలచగా అద్దండి, కింద చర్మం అక్కడక్కడ కనపడాలి. బూడిదలో కాస్త ఆకుపచ్చ, పసుపు కలిపిన మట్టిరంగు, కళ్ళ కింద ఊదా, పెదాల అంచున గోధుమ. మెడ, చెవులు, చేతివేళ్ళు మర్చిపోతారు. క్లోజప్‌లో శవం చెవి మాత్రం నిగనిగలాడుతుంటుంది. నీటి రంగులు మన ఉక్కపోతకి అరగంట ఆగవు, ముందు వరస వాళ్ళకైనా ఆల్కహాల్‌తో కరిగే రంగులు తీసుకోండి.

పుండ్లకి లిక్విడ్ లేటెక్సు (ద్రవ రబ్బరు), టిష్యూ కాగితం. టిష్యూని పొరలు విడదీసి ఒక్కో పొరే అంటించాలి, మూడు నాలుగు పొరలు. ప్రతి పొరా ఆరాకే తర్వాతది, చల్లగాలి పెట్టిన హెయిర్ డ్రయ్యరుతో పదినిమిషాలు. సముద్రపు తేమలో ఇంకా ఎక్కువ పడుతుంది. తొందరపడితే అంచులు లేచిపోతాయి, ఆ తర్వాత ఎంత పౌడరు కొట్టినా దాగవు. ఆరాక మధ్యలో చింపి, లోపల ముదురు ఎరుపు నింపాలి. గడ్డం, కనుబొమ్మల మీద ముందు వాజిలిన్ పట్టించకపోతే తీసేటప్పుడు వెంట్రుకలు కూడా వస్తాయి. లేటెక్సులో అమోనియా ఉంటుంది, కళ్ళ దగ్గర వద్దు. ఒక రోజు ముందు మోచేతి లోపల చుక్క పెట్టి దురద, దద్దురు వస్తుందేమో చూసుకోవాలి. "నాకు అన్నీ పడతాయి" అనేవాడికి కూడా.

కురుపాం_సంత | ఉదయం 8.10
లేటెక్సు బదులు జెలటిన్ వాడొచ్చా? జెలటిన్, గ్లిజరిన్, నీళ్ళు సమానంగా అని చాలాచోట్ల ఉంది. చవక కూడా.

పెదవాల్తేరు_మేకప్‌పెట్టె | ఉదయం 8.26
ఏసీ గదిలో అయితే బ్రహ్మాండం, చర్మంలాగే కదులుతుంది. ఎండలో నిలబడ్డ మనిషి ఒంటి వేడికే మెత్తబడి జారుతుంది. ఒక చెంప పుండు గంటలో మెడ దగ్గరికొస్తుంది. జాంబీకి అదీ అందమే అనుకుంటే కంటిన్యూటీ, అంటే షాటుకీ షాటుకీ పొంతన, చూసుకునే పని ఎడిటర్‌కి వదిలెయ్యండి.

రంగు కాంటాక్ట్ లెన్సుల గురించి అడగబోతున్నట్టున్నారు. కంటి డాక్టరు కొలత చూడకుండా వద్దు, ఒకరి లెన్సు ఇంకొకరికి అసలే వద్దు. బీచ్‌లో ఇసుక గాలికి ఎవరికీ వద్దు.

గాజువాక_కట్ | ఉదయం 9.00
మేకప్ టైమ్ లెక్క ఎవరూ వెయ్యరు, అక్కడే షెడ్యూలు కూలుతుంది. ఇరవైమందినీ మూడు వరసలు చెయ్యండి. కెమెరాకి దగ్గరగా వచ్చే నలుగురికి మనిషికి 75 నిమిషాలు. మధ్య వరస ఆరుగురికి ఇరవయ్యేసి నిమిషాలు. వెనక పదిమందికి రంగు, మట్టి, చిరిగిన చొక్కా, అయిదేసి నిమిషాలు. మొత్తం 470 నిమిషాలు. మేకప్ చేసేవాళ్ళు ఇద్దరుంటే నాలుగ్గంటలు. సూర్యోదయం షాటు కావాలంటే అర్ధరాత్రి దాటగానే మొదలెట్టాలి. ఎవరూ రారు.

కాబట్టి సూర్యోదయం రోజు మేకప్పే పెట్టకండి. మన సముద్రం తూర్పున ఉంది, అదృష్టం. రోడ్డు మీంచి సముద్రం వైపు కెమెరా పెడితే జాంబీల వెనక సూర్యుడు, మొహాలు నల్లటి నీడలు. వంగిన భుజం, ఈడ్చే కాలు చాలు. మొదటి ముప్ఫై నలభై నిమిషాల్లో వైడ్ షాట్లన్నీ లాగెయ్యండి. ఆ టైమ్‌లో బీచ్ రోడ్డు మీద వాకర్లుంటారు. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తేడా తెలీదు. అది మీకు ఉచితంగా దొరికే జోకు. (వాళ్ళ మొహాలు కనపడేలా మాత్రం అడక్కుండా తీయకండి.)

సౌండుబాబాయ్ | ఉదయం 10.45
బొమ్మ సంగతి సరే, చెవి సంగతి? బీచ్‌లో రికార్డు చేసిన డైలాగు ఏ షాటుకి ఆ షాటు అల హోరు మారుతుంది. కట్ పడ్డచోటల్లా సముద్రం గంతులేస్తుంది. డబ్బింగే గతి. షూటింగ్ రోజు అందరినీ నోరు మూయించి రెండు నిమిషాల పాటు ఉత్త అలల చప్పుడు తీసుకోండి, తర్వాత కిందంతా అది పరుచుకోవచ్చు. మైకుకి బొచ్చు తొడుగు తప్పనిసరి. దాని పేరు డెడ్‌క్యాట్, మీ సినిమాకి సరిగ్గా సరిపోయింది.

చప్పుళ్ళన్నీ పూర్ణా మార్కెట్లో దొరుకుతాయి. ఎముక విరగడానికి చెరకు ముక్క, తడిగుడ్డ చుట్టి విరిస్తే లోపల విరిగినట్టు వినపడుతుంది. కొరకడానికి క్యాబేజీ, మైకుకి జానెడు దూరంలో. పేగులకి నానబెట్టిన సేమ్యా గిన్నెలో చెయ్యి పెట్టి పిసకండి. తల పగలడానికి పుచ్చకాయ, కానీ రెండు కొనండి, మొదటిసారి రికార్డింగ్ లెవెల్ దాటి చప్పుడు పగిలిపోవడం ఖాయం.

ఇక మూలుగు. ఇరవైమందీ ఒకేలా "ఆఆ" అంటే భజనలా ఉంటుంది. గాలి బయటికి వదులుతూ నలుగురు, లోపలికి పీలుస్తూ నలుగురు, మిగతావాళ్ళు ఉత్త ఊపిరి. ఆరు ట్రాకులు చాలు. పంచ్‌లైను పడ్డాక ఒక సెకను మూలుగు ఆపెయ్యండి, ఆ నిశ్శబ్దంలోనే నవ్వు పడుతుంది. దాని మీద "టొయ్యింగ్" అని సౌండు పెడితే నన్ను పిలవకండి.

కురుపాం_సంత | ఉదయం 11.30
అసలు జాంబీలు ఎందుకయ్యారో చెప్పాలా? మన ఊరు కాబట్టి ఫ్యాక్టరీ గ్యాస్ లీకు పెడితే వెంటనే నమ్ముతారు కదా.

జగదాంబ_సెకండ్‌షో | ఉదయం 11.48
వద్దు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకై మనుషులు రోడ్ల మీద పడిపోయిన దృశ్యాలు ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. పడి లేచే మనిషిని చూసి నవ్వమంటే హాల్లో సగంమంది మొహం తిప్పుకుంటారు.

కారణం చెప్పకపోయినా కొంపలేం మునగవు. 1968 సినిమాలో శుక్రగ్రహం నుంచి వచ్చిన ఉపగ్రహం రేడియేషన్ అని టీవీలో ఓ మాట అనేసి ఊరుకున్నారు. మనకి శవాలు సమాధుల్లోంచి లేచే సీను కూడా అంతగా అతకదు, ఎక్కువమందిని కాల్చేస్తాం. కాటుతో అంటుకునే జబ్బే సుఖం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన జాంబీ రెడ్డి దాన్ని సీమ ఫ్యాక్షన్‌లోకి దింపింది, కత్తులు పట్టుకున్నవాళ్ళకి కరిచేవాళ్ళు ఎదురయ్యారు. ఆ ఊరి గొడవ ఆ ఊరిదే అయింది కనక అతికింది. గో గోవా గాన్ (2013) గోవా రేవ్ పార్టీ నుంచి మొదలైంది. మీకు కావలసింది వైరస్ పేరు కాదు, వైజాగ్ గొడవ. ఫ్లాటు బాల్కనీలోంచి సముద్రం కనపడుతుందని బిల్డరు అమ్మేశాడు, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ లేచింది. ఆ గొడవ మీద కిందన జాంబీలున్నా ఎవరూ తగ్గరు.

భీమిలి_బుల్లోడు | మధ్యాహ్నం 12.20
యాస గురించి ఎవరూ మాట్లాడలేదు. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాస ఎప్పుడూ పనివాడికో, అమాయకుడికో ఇస్తారు, మొదట చచ్చేదీ వాడే. తిరగెయ్యండి. తెలివైన మనిషికి ఆ యాస ఇవ్వండి. అందరూ పుస్తకభాషలో "ఇది వైరస్సా, బ్యాక్టీరియానా" అని చర్చిస్తుంటే చేపల బుట్ట దించి ఆవిడ "ఏటి సూస్తన్నారు, ఆడు కరిసీసినాడు, తలుపెయ్యండి" అంటే సీను అక్కడికక్కడే నిలబడుతుంది. ఆ డైలాగు ఆ ఊరి మనిషి చేతే చెప్పించండి, నేర్పిస్తే సాగదీస్తారు.

దీపస్తంభం (మోడరేటర్) | మధ్యాహ్నం 1.05
పర్మిషన్ల విషయం క్లుప్తంగా. రోడ్డు మీద షూటింగుకి పోలీసుల అనుమతి తీసుకోండి, స్థానిక స్టేషన్‌కి తేదీ, టైమ్, ఎంతమంది రక్తంతో ఉంటారో కూడా రాసివ్వండి. లేదంటే ఎవరో 112కి ఫోన్ చేస్తారు, చెయ్యాలి కూడా. సందుకి రెండు చివర్లా "షూటింగ్ జరుగుతోంది" బోర్డు. జాంబీలు మేకప్‌తో టీ కొట్టుకి విడిగా వెళ్ళకూడదు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, డ్రోన్ షాటు ఆలోచన మానుకోండి, కొండ మీంచి వైడ్ తీసుకోండి. ఎర్రమట్టి దిబ్బల్లో పరిగెత్తించడం, చొక్కాలకి రాయడానికి అక్కడి మట్టి తేవడం వద్దు, అది కాపాడుతున్న చోటు. టీ డికాక్షన్‌లో రాత్రంతా నానబెట్టి, గరుకు కాగితంతో మోచేతుల దగ్గర రుద్దితే చొక్కా ఎలాగూ పదేళ్ళు పాతబడుతుంది.

వాతావరణానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి బావుంటుంది, చెమట తక్కువ. కానీ జనవరి నుంచి రాత్రిళ్ళు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే రోజులు, ఇసుక మీద లైట్లు పెట్టకూడదు. రాత్రి సీన్లు సందులో, బీచ్ సీన్లు తెల్లవారాక పెట్టుకోండి.

రుషికొండ_గాలి | సాయంత్రం 5.30
అందరికీ దండాలు. ఇంకొక్కటి. జపాన్‌వాళ్ళ వన్ కట్ ఆఫ్ ది డెడ్ (2017) లాగా మొత్తం ఒకే షాట్‌లో లాగేద్దామని కెమెరామన్ పట్టు పడుతున్నాడు.

గాజువాక_కట్ | సాయంత్రం 5.52
అందులో ఒకే షాటు మొదటి 37 నిమిషాలే. అది కావాలనే అవకతవకగా ఉంటుంది. ఆ అవకతవకలన్నీ ఎలా జరిగాయో తర్వాత చూపిస్తారు, నవ్వంతా ఆ రెండో సగంలో ఉంది. మొదటి సగం మాత్రమే ఎత్తుకొస్తే మీకు మిగిలేది అవకతవక. మొత్తం వద్దు. పాల ప్యాకెట్టు నడక రెండోసారి మాత్రం ఒకే షాట్‌లో పెట్టండి, మూడు నిమిషాలు. ముందు మేకప్ లేకుండా పది రిహార్సల్స్, నేల మీద సుద్దముక్క గుర్తులు. రక్తం చిమ్మేది చివరి పది సెకన్లలోనే ఉండాలి. మొదట్లో చిమ్మి నాలుగో నిమిషంలో ఎవరో డైలాగు మర్చిపోతే చొక్కాలన్నీ మార్చాలి. రక్తం పడే ప్రతి చొక్కా మూడేసి కొనండి.

జగదాంబ_సెకండ్‌షో | సాయంత్రం 6.10
మూడు నిమిషాల షాట్‌లో నాలుగో నిమిషం ఎక్కడిదండీ?

గాజువాక_కట్ | సాయంత్రం 6.12
అదే చెప్తున్నా, ఎప్పుడూ నాలుగో నిమిషం దాకా పోతుంది.

పెదవాల్తేరు_మేకప్‌పెట్టె | రాత్రి 7.40
చొక్కాల మీద రక్తం ముందు చన్నీళ్ళతోనే కడగండి, వేణ్ణీళ్ళు పోస్తే రంగు నూలులోకి దిగిపోతుంది. చర్మానికి రంగు అంటకుండా ముందే పలచగా కొబ్బరినూనె రాయాలి, లేటెక్సు అంటించేచోట, మేకప్ రంగులు వేసేచోట తప్ప. గ్లూకోజ్ రక్తం పడిన గచ్చు వెంటనే కడక్కపోతే అరగంటలో చీమల బారు. కింద పడుకున్న శవం పాత్రధారిని మాత్రం కార్న్‌ఫ్లోర్ రక్తంలోనే పడుకోబెట్టండి. శవం గోక్కుంటే షాటు పోతుంది.

రుషికొండ_గాలి | రాత్రి 8.15
రాసుకున్నాను. జాంబీల్లో ఒకడు ఆర్టీసీ కండక్టరు, బ్యాగుతో సహా. వాడు "టికెట్, టికెట్" అనాలా వద్దా అని గొడవ జరుగుతోంది ఇక్కడ.

సౌండుబాబాయ్ | రాత్రి 8.22
అనకూడదు. బ్యాగులో చిల్లర నాణేలు ఓ గుప్పెడు వెయ్యండి, నడిచినప్పుడల్లా గలగల. మొదటిసారి కండక్టరు మామూలు మనిషిగా ఉన్నప్పుడే ఆ చప్పుడు వినిపించెయ్యాలి. తర్వాత వాడు ఫ్రేములో లేకపోయినా సందు మలుపు అవతల గలగల వినపడితే చాలు. నాణేలు రెండ్రూపాయలవి తీసుకోండి, పది రూపాయలవి మోత బరువుగా ఉంటుంది.